పెద్దాయన తల మీద పీత

వైలోమా ఊరికి పీతల పిచ్చి పట్టుకున్నది ఈ ఏడాదే. మడ అడవిలో దొరికే పీతలు ఎప్పుడూ ఉన్నవే, వాటి మాట అటుంచండి. ఇది అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డిప్ప. కింద మెత్తని రబ్బరు వేళ్ళున్న నాలుగు కాళ్ళు. బొత్తాం నొక్కితే గుర్రుమంటూ ఆ కాళ్ళు తలని పిసకడం మొదలుపెడతాయి. పెట్టె మీద ఇంగ్లీషులో ఏదో పొడుగాటి పేరుంది గానీ, మొదటిసారి చూసినప్పుడే ఊళ్ళో వేళాకోళాల మనిషి నెమని "పీతని వెల్లకిలా పడేసినట్టుందే" అన్నాడు. ఇంక ఊరంతా పీతే అన్నారు.

మొదటి పీతని తెచ్చింది తరైవిని. చర్చి పాటల పోటీకి ఆడవాళ్ళ బృందంతో సువా పట్నం వెళ్ళినప్పుడు, తిరుగు ఓడ ఎక్కబోతూ రేవు పక్క దుకాణంలో చూసి, ఎవరికీ చెప్పకుండా కొనుక్కుని సంచిలో బట్టల మధ్య దాచుకుంది. ఓడ కదిలాక, అలల ఊపుకి తల దిమ్ముగా ఉందని పైన గాలికి కూర్చుని బయటికి తీసింది. దాంతో దాపరికం కాస్తా ముగిసింది. "ఇటివ్వు", "నాకొక్కసారి", "నువ్విందాక పెట్టుకున్నావుగా, దొంగమొహమా" అంటూ అది ఓడ ఈ కొస నుంచి ఆ కొసదాకా చేతులు మారింది. ముక్కూ మొహం తెలియని ఊళ్ళవాళ్ళు కూడా వరసలో నిలబడ్డారు. తమ దీవిలోని సవుసవు రేవులో దిగేసరికి బ్యాటరీ చచ్చిపోయింది. అప్పటికే బృందంలో సగంమంది నాకొకటీ మా ఆయనకొకటీ అని తరైవినికి పురమాయించేశారు.

అంత గిరాకీ ఎందుకో వైలోమా వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ ఒకరి తల ఇంకొకరు ముట్టరు. పెద్దవాళ్ళు కూర్చుని ఉండగా పైన అలమారలోంచి గిన్నె అందుకోవాలన్నా, వాళ్ళ తల మీదుగా చేయి పోతుంది కాబట్టి "తులోవ్, తులోవ్" అని మన్నింపు వేడుకుని అందుకోవాలి. తల్లి బిడ్డకి నూనె రాస్తుంది, పెళ్ళాం మొగుడికి రాస్తుంది, ఆపైన ఎవరి తల వారిదే. మర్దన చేసే మంచి చేతులు ఊళ్ళో చాలానే ఉన్నాయి. కాళ్ళు, నడుము, వీపు, భుజాలు అన్నీ పిసికి పిసికి మెడ దగ్గరికొచ్చి ఆగిపోతాయి. ఒంట్లో తల ఒక్కటే దిక్కులేనిదిగా మిగిలిపోయింది. మనిషి చేయి తగలకుండా తల పిసికే వస్తువు వచ్చేసరికి ఇన్నాళ్ళ ఆకలీ ఒక్కసారి బయటపడింది.

చేమ తోటల్లో కలుపు తీసి వచ్చినవాళ్ళకి కావాలి, బడి పంతులమ్మలకి కావాలి. బస్సు డ్రైవరైతే తరైవిని ఎక్కీ ఎక్కగానే "నా పీత వచ్చిందా?" అని అడిగేవాడు. సవుసవులో దుకాణం నడిపే శివ్‌చరణ్ మొదట గాజు బీరువాలో అందానికి ఒకటీ అరా పెట్టుకున్నవాడు, ఇప్పుడు బియ్యం బస్తాల పక్కన పెట్టెలకి పెట్టెలు దించుకుంటున్నాడు. "మీ ఊళ్ళో అసలు ఎన్ని తలలున్నాయమ్మా?" అని ఆమెని చూసినప్పుడల్లా ఆశ్చర్యపోయేవాడు. ఒక ఇంట్లో ఒకటి ఉంటే చాలని తరైవిని కూడా అనుకుంది. చాలలేదు. మొగుడి పీత పెళ్ళాం వాడదు, అక్క పీత తమ్ముడు ముట్టుకోడు. ఎవరి తలకి వారి పీత ఉండాల్సిందే.

ఇన్నేళ్ళూ ఆమె వైసలే పెళ్ళాం, ఫలానా పిల్లల తల్లి. ఇప్పుడు పక్క ఊళ్ళలో కూడా పీతల తరైవిని. ఆ పేరు వింటే పైకి మొహం చిట్లించేది గానీ, ఇంటికొచ్చి కుండ పొయ్యి మీద పెడుతూ తనలో తను నవ్వుకునేది.

ఆ నవ్వు మహిళల బజారు రోజున ఎగిరిపోయింది.

చిన్నపిల్లల బడికి నీళ్ళ ట్యాంకు కొనడానికి ఆడవాళ్ళంతా కలిసి పెట్టిన బజారు అది. ఊళ్ళో ఏ వేడుకైనా అందరూ ఒకే గుడ్డ కట్టడం ఆనవాయితీ. ఈసారి నీలం మీద తెల్ల పూలు. ఆడవాళ్ళ గౌన్లూ అదే, మగవాళ్ళ చొక్కాలూ అదే. కొబ్బరి తురుము రొట్టెలొకచోట, పూలు వేసి కాచిన కొబ్బరినూనె ఒకచోట, అల్లిన చాపలొకచోట. చివర బాదం చెట్టు నీడలో తరైవిని. అందరూ చాపల మీదే కూర్చున్నారు. తరైవిని మాత్రం బడి నుంచి ఒక తెల్ల ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి సముద్రం వైపు తిప్పి వేసింది. కూర్చున్న తలకి వెనక నిలబడి పీత పెడితే బాగా ఆనుతుందని ఆమె ఆలోచన.

పొద్దుటినుంచీ తల తర్వాత తల. పెద్దవాళ్ళయితే ముందు వంగి "తులోవ్" అనేది, వాళ్ళు ఊఁ అన్నాకే పెట్టేది. చాలామంది పెట్టించుకున్నాక లేవలేదు. పాస్టరుగారి భార్యయితే కళ్ళు మూసుకుని "ఇది పాపం కాదు కదూ?" అని అడిగి, జవాబు రాకముందే "కాదులే" అని తనే చెప్పుకుంది.

"నా వంతెప్పుడే, మరదలా?" అని నెమని ఇప్పటికి ఎన్నోసారో అరిచాడు, పెనం దగ్గర రొట్టెలు తింటూ.

నెమని ఆమెకి మేనమామ కొడుకు. బావామరదళ్ళ మధ్య మాటకి అడ్డూ ఆపూ ఉండదు వైలోమాలో. ఎంత తిట్టుకుంటే అంత ముద్దు. వీళ్ళిద్దరూ యాభై దాటినా ఆ ముద్దు తగ్గలేదు.

"ఆ తిండి ముగించి రా. ఆ పొట్టని కుర్చీ మోస్తుందో లేదో చూద్దాం," అంది తరైవిని. ఈలోగా పీత నీరసంగా గుర్రుమనడం చూసి, కింద పెట్టెలోంచి ఛార్జింగు పెట్టిన ఇంకోదాన్ని వెతకడానికి వంగింది.

తీరా లేచి చూస్తే కుర్చీలో నీలం చొక్కా, దాని పైన తెల్లగా గుబురుగా జుట్టు. బావ వచ్చేశాడన్నమాట. ఆమె 'తులోవ్' అననూ లేదు, అడగనూ లేదు. బావకి అదొకటా!

"ఏం ముసలి మేకా, వచ్చావా? కదలకు. ఈ గడ్డిమేటులో పేలు ఎన్ని కాపురాలు పెట్టాయో ఇవాళ తేలుస్తా!" అంటూ పీతని గట్టి వేగం మీద పెట్టి నడినెత్తిన అదిమింది. చాలదని అటూ ఇటూ ఉరికించింది. "ఏం, నోరు పడిపోయిందా? పెళ్ళాం కూడా ముట్టుకోని తల, నేను కాబట్టి ముడుతున్నా!"

బజారంతా సద్దుమణిగింది. అలల చప్పుడు వినపడుతోంది, పీత చప్పుడు వినపడుతోంది. తరైవిని తలెత్తి చూసింది. పెనం దగ్గర నెమని నిలబడి ఉన్నాడు, నోట్లో రొట్టె అలాగే ఉంది, కనుగుడ్లు మాత్రం బయటికొచ్చినట్టున్నాయి.

కుర్చీలో ఉన్నది రాతు ఇసిమెలి. ఊరికి పెద్దాయన. ఆమె మామగారికి అన్న.

ఎక్కడ ఒక్క కుర్చీ వేసి ఉన్నా, అది పెద్దాయన కోసమే వేసినట్టు. ఆయన పుట్టినప్పటినుంచీ అంతే. ఎండలో నడిచి వచ్చాడు, చాపల మధ్య కుర్చీ కనిపించింది, కూర్చున్నాడు. ఆ సంగతి కుర్చీ వేసిన మనిషికే తట్టలేదు.

తరైవిని కాపురానికొచ్చి ఇన్నేళ్ళయినా మామగారి వరస అయిన ఆయనతో ఒక్క మాట మాట్లాడింది లేదు. ఎదురుపడితే పక్కకి తప్పుకుని వంగి నిలబడేది. ఏదైనా చెప్పాల్సి వస్తే వైసలే చేత చెప్పించేది. మొదటిసారి ఆయనతో పలికిన పలుకులు ఇవీ!

రాతు ఇసిమెలి లేచాడు. దవడలు బిగుసుకుని ఉన్నాయి, ఎర్రబడిన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, భుజాలు సన్నగా వణుకుతున్నాయి. ఎవరి వైపూ చూడకుండా, ఒక్క మాట అనకుండా, గబగబా ఇంటి దారి పట్టాడు.

తరైవిని అక్కడే కూలబడింది. చేతిలో పీత ఇంకా తిరుగుతూనే ఉంది. ఎవరో వచ్చి ఆపారు.

భోజనాల వేళకి కొబ్బరిపాల చేపల పులుసు, చేమాకు కూర, ఉడకబెట్టిన కర్రపెండలం అందరికీ వడ్డించారు. తరైవిని పళ్ళెం ముందు పెట్టుకుని బొమ్మలా కూర్చుంది. నెమని ఊగుతూ వచ్చి ఎదురుగా చతికిలబడి, ఆమె పళ్ళెంలోంచి కర్రపెండలం ముక్క తీసి పులుసులో ముంచాడు.

"నోరు తెరు."

"పో బావా, నీకు పుణ్యముంటుంది."

"తెరువే! తాతల నాటి కట్టు తెలీదా? పెద్దాయన తల ముట్టిన చేత్తో అన్నం తినకూడదు. పక్కవాళ్ళు పెట్టాలి. నీ మొగుడు సిగ్గుపడుతున్నాడు, నాకు సిగ్గు లేదు. తెరు!"

"చచ్చిపోవాలని ఉంది నాకు."

"చావు, ఎవరొద్దన్నారు? కడుపునిండా తిని చావు. ఖాళీ కడుపుతో పోతే అక్కడ మా అత్త నన్ను తిడుతుంది, నా కూతురికి ముద్ద పెట్టలేకపోయావా అని."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. తరైవినికి ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. ఆ రెంటి మధ్య నెమని ముద్ద దూర్చేశాడు.

"అయినా ముసలి మేక అని నన్నేగా అన్నావు?" అన్నాడు మెల్లిగా, ఇంకో ముక్క ముంచుతూ. "ఆ తిట్టు నాది. అన్యాయంగా ఆయన పట్టుకుపోయాడు."

ఆ సాయంత్రం పెద్దాయన యంగోనా తాగడానికి సావిడికి రాలేదు. మర్నాడూ రాలేదు. రోజూ పొద్దుగూకే వేళకి ఆ వేరు దంచి నీళ్ళలో పిసికి, మొదటి చిప్ప ఆయనకి అందించాకే మిగిలినవాళ్ళు తాగేది. ఆయన లేక మగవాళ్ళు గిన్నె చుట్టూ కూర్చుని, తాగాలో వద్దో తెలియక లేచిపోయారు. ఆదివారం చర్చిలో ఆయన చోటు ఖాళీగా ఉంది. జ్వరమొచ్చినా మానని మనిషి.

ఊరంతా పీతల్ని దాచేసింది. ఎవరూ చెప్పలేదు, ఎవరికి వారే దాచేశారు. కానీ మరిగిన తల ఊరుకుంటుందా? అరటిచెట్ల వెనక నుంచి గుర్రుమని వినపడేది. ఎవరైనా దగ్గుతూ వస్తే టక్కున ఆగిపోయేది. పాస్టరుగారి భార్య తల చుట్టూ గుడ్డ చుట్టుకుని తిరిగింది, ఆ గుడ్డలోంచి ఏదో సన్నగా మోగుతూ ఉండేది. పక్క ఊరి నుంచి పీతల కోసం వచ్చినవాళ్ళకి తరైవిని లేవని చెప్పి పంపేసింది. మంచం కింద పెట్టె నిండా ఉన్నాయి. ఆ వైపు చూడ్డానికే ఆమెకి మనసొప్పలేదు.

కుళాయి దగ్గరికి నీళ్ళకి వెళితే మాటలు ఆగేవి. ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. జాలిపడ్డారు, అదింకా కష్టంగా ఉంది. పెద్దాయన మనసు విరిగితే వైసలే ఇంటివాళ్ళకి ఊళ్ళో ఏ శుభానికీ ఏ అశుభానికీ కూర్చునే చోటుండదు. పిల్లల పెళ్ళిళ్ళకి నిలబడేవాళ్ళుండరు. తన నోటితో తన ఇంటివాళ్ళందరినీ గడప బయట నిలబెట్టింది.

వైసలే నోరులేని మనిషి. తోటకి వెళ్ళి వచ్చేవాడు, ఆమె పెట్టింది తినేవాడు. ఒక రాత్రి తినడం అయ్యాక చేతులు కడుక్కుంటూ అన్నాడు, "రేపు పెద్దనాన్న ఇంటికెళదాం. తప్పు కాసుకుందాం."

"పుచ్చుకోకపోతే?"

వైసలే చేతులు తుడుచుకుని తువ్వాలు తాడు మీద ఆరేశాడు.

"అయినా ఏం పట్టుకెళతాం? మన ఇంట్లో పన్నేదీ? పెద్దాడి పెళ్ళిలో ఇచ్చేశాం కదా."

తిమింగలం పన్ను లేకుండా పెద్దాయన ముందు తప్పు ఒప్పుకోవడమంటే ఉత్త చేతులతో పెళ్ళికెళ్ళడం లాంటిది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూండగా గుమ్మంలో దగ్గు వినిపించింది. నెమని. చంకలో తువ్వాలు మూట. విప్పితే తేనె రంగుకి తిరిగిన పాత పన్ను, రెండు కొసలకీ తాడు కట్టి ఉంది.

"మా ఇంటిది," అన్నాడు. "తీసుకెళ్ళండి."

"వద్దన్నా," అన్నాడు వైసలే. "మీ నాన్న చేతిది అది. మళ్ళీ తిరిగి రాదు."

"రాకపోతే రాదు. నా తలకని అన్న మాటలకి మా ఇంటి పన్ను వెళ్ళడమే ధర్మం," అన్నాడు నెమని. తర్వాత మరదలి వైపు తిరిగి, "మొహం కడుక్కో. అలా వచ్చావంటే పెద్దాయన జడుసుకుని చస్తాడు. అప్పుడు ఇంకో పన్ను కావాలి, నా దగ్గర లేదు," అన్నాడు.

పెద్దాయన ఇంటికి మర్నాడు పొద్దున్నే వెళ్ళారు. వైసలే, అతని దాయాదులు, వెనక ఆడవాళ్ళు. కింది వైపు తలుపులోంచి వంగి దూరి, చాపల మీద కూర్చున్నారు. తరైవిని అందరికన్నా వెనక, తలుపు దగ్గరే, తల దించుకుని ఉంది. పై వైపున రాతు ఇసిమెలి కాళ్ళు మడిచి కూర్చున్నాడు. ఆయన పక్కన కెలేపి. పెద్దాయనతో ఎవరు మాట్లాడాలన్నా, పెద్దాయన ఎవరితో మాట్లాడాలన్నా మధ్యలో మాట అందించేది కెలేపి నోరే. అది వాళ్ళ వంశం పని. చాలా పెద్ద నోరు.

వైసలే పన్నుని రెండు చేతులా పట్టుకుని చెప్పాడు. మా ఇంటి మనిషి తప్పు చేసింది, ముట్టరాని చోట ముట్టింది, అనరాని మాటలంది, చూసి అన్నది కాదు, మా తలలు మీ కాళ్ళ ముందున్నాయి. మగవాళ్ళంతా మర్యాదగా అరచేతులు దొప్పగా చేసి బొప్ బొప్‌మని చరిచారు.

కెలేపి గొంతు సవరించుకున్నాడు. "పన్ను పుచ్చుకునే ముందు ఒక సంగతి తేలాలి. తల ముట్టింది మనిషా, మిషనా? మిషనైతే తప్పు చైనావాళ్ళది. వాళ్ళు రావాలి పన్ను పట్టుకుని."

"మిషను దానంతట అది ఎక్కి కూర్చుందా నెత్తిన?" అన్నాడు దాయాదుల్లో ఒకాయన.

"ఎక్కలేదు. కానీ చర్మం తగల్లేదు కదా. చేతికీ తలకీ మధ్య ప్లాస్టిక్ ఉంది."

"అలాగైతే చేతికి తొడుగేసుకుని ఎవరి తలైనా ముట్టొచ్చా?"

"అదే నేనూ అడుగుతున్నా!"

"నువ్వు అడగడం కాదయ్యా, చెప్పాలి!"

పెద్దాయన అరచేత్తో నోరు మూసుకుని కిందికి చూస్తున్నాడు. భుజాలు మళ్ళీ అలాగే వణకడం తరైవిని ఓరగా చూసింది. అయిపోయింది, ఇంత కోపం ఏ పన్నుతో చల్లారుతుంది అనుకుంది.

అప్పుడు పక్క తలుపులోంచి ఉలమిలా అవ్వ వచ్చింది. పెద్దాయనకి అక్క. ఎనభై దాటినా జుట్టు పాతకాలం పద్ధతిలో పెద్ద బంతిలా దువ్వుకుని, వీపు నిటారుగా నడుస్తుంది. అక్కాతమ్ముళ్ళ వరస వాళ్ళు ఎదురెదురు మాట్లాడుకోరు కాబట్టి, వచ్చి నడిమి స్తంభం పక్కన, తమ్ముడి వైపు వీపు పెట్టి కూర్చుంది. ఆ స్తంభం మీద చేయి వేసింది.

"స్తంభమా, నీకు చెబుతున్నా," అంది. "నువ్వయినా వింటావు. ఈ ఇంట్లో మనిషికి కోపం రాలేదు."

అందరూ స్తంభం వైపు చూశారు.

"చిన్నప్పుడు మా అమ్మ ఆ తలకి నూనె పెట్టాలంటే ముగ్గురం పట్టుకోవాలి. చేయి పడితే చాలు, కిచకిచ, కిచకిచ. నవ్వి నవ్వి ఊపిరాడేది కాదు. ఒకసారి ఒంటి మీద గుడ్డ లేకుండా, చెవుల్లోంచి నూనె కారుతూ, మడ అడవి దాకా పరిగెత్తాడు. ఊరంతా చూశారు. నువ్వప్పుడు ఇంకా చెట్టువి, నీకు తెలీదు."

పెద్దాయన ఎదురుగా ఉన్న చెక్క గిన్నె మీద చూపు నిలిపాడు. "ఈ గిన్నెకి చెబుతున్నా," అన్నాడు బిగపట్టిన గొంతుతో. "పాత సంగతులు ఇప్పుడెందుకూ అని."

"స్తంభమా, పాత సంగతులు కావు. పక్క గోడే నాది. బజారు రోజు నుంచీ వింటున్నా. ఒక్కడూ కూర్చుని పకపకా నవ్వుకుంటున్నాడు. మతి పోయిందేమో అని ప్రార్థన కూడా చేశాను."

"గిన్నే, విన్నావా? మరేం చెయ్యమంటావు?" పెద్దాయన గొంతులో మూత పెట్టిన కుండ ఉడికినట్టుంది. "ఆ కుర్చీలోంచి ఇంకొక్క క్షణం లేవకపోయి ఉంటే ఊరందరి ముందూ దొర్లేవాణ్ణి. పెద్దరికం ఏమవ్వాలి? పోనీలే, రెండు రోజులకి తగ్గుతుందనుకున్నా. తగ్గదే! సావిడికి బయల్దేరతాను, చెప్పులేసుకుంటాను, 'గడ్డిమేటులో పేల కాపురాలు' గుర్తొస్తుంది. మళ్ళీ లోపలికొచ్చేస్తాను. ఆదివారం చర్చికి వద్దామంటే, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసే చోట 'ముసలి మేకా' అని వినపడితే ఎలా?"

చివరి మాట దగ్గర ఆయనకి గొంతు నిలవలేదు. ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత నోట్లోంచి. పళ్ళూడిన నోరంతా తెరిచి, పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతూ నవ్వాడు. కెలేపికి ఏం అందించాలో తెలియక, అలవాటు కొద్దీ జనం వైపు తిరిగి గంభీరంగా "పెద్దాయన నవ్వుతున్నారు" అని ప్రకటించాడు. దాంతో ఇంటికప్పు లేచిపోయింది. వైసలే కూడా నవ్వాడు, పన్ను ఇంకా రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు. తరైవిని మోకాళ్ళ మీద మొహం పెట్టేసుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో పక్కనున్న ఆడవాళ్ళకి కూడా తెలియలేదు. ఒకామె ఎందుకైనా మంచిదని వీపు నిమిరింది.

కాస్త సద్దుమణిగాక పెద్దాయన కళ్ళు తుడుచుకుని చేతులు చాచాడు. పన్ను అందుకుని మొహానికి ఆనించుకున్నాడు. "పుచ్చుకున్నాను," అన్నాడు. "ఇంతటితో అయిపోయింది. ఈ మాట ఇంక ఎవరూ ఎత్తకూడదు." ఒక్క క్షణం ఆగి, "నా ముందు ఎత్తకూడదు. నేను తట్టుకోలేను," అన్నాడు.

అరచేతులు బొప్ బొప్‌మని మోగాయి.

"మరి ఆ మిషన్ల సంగతి?" అన్నాడు కెలేపి. పని పూర్తిగా తేలకపోతే అతనికి నిద్రపట్టదు.

"సంగతేముంది స్తంభమా?" అంది అవ్వ. "మా తాతకి పొడుగాటి చెక్క పుల్ల ఉండేది, తాబేటిచిప్ప పిడి. తలలో గుచ్చుకుని తిరిగేవాడు, దురదేస్తే తీసి గోక్కునేవాడు. ఒకరు ముట్టకూడని తలకి ఒక వస్తువు ఉండాలని ఆ కాలంవాళ్ళకే తెలుసు. దానికి బ్యాటరీ లేదు, అంతే తేడా. ఊళ్ళో అందరికీ వచ్చాయట. నాకు ఒక్కతీ చూపించిన పాపాన పోలేదు. నా తల తల కాదా?"

ఆడవాళ్ళందరూ ఒకరినొకరు చూసుకున్నారు. నిజమే, ఆ బంతి జుట్టు చెదిరిపోతుందేమోనని అవ్వని ఎవరూ అడగనే లేదు.

"ఇక్కడ ఉందా ఒకటి?" అన్నాడు పెద్దాయన.

తప్పు కాసుకోవడానికి వచ్చినచోటికి ఎవరు తెస్తారు? తలుపు బయట కూర్చున్న నెమని గొంతు సవరించుకుని, నడుముకి చుట్టుకున్న సులు గుడ్డ మడతలోంచి నీలం రంగు పీతని తీశాడు. "దారిలో తల నొప్పెడితే ఉంటుందని..." అన్నాడు నేల చూపులు చూస్తూ. అది చేతి నుంచి చేతికి పై వైపుకి వెళ్ళింది.

పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. కాళ్ళు లెక్క చూశాడు. బొత్తాం నొక్కాడు. పీత పలకలేదు. మళ్ళీ నొక్కాడు.

"ఎలా నడుస్తుందో కనుక్కో," అన్నాడు కెలేపితో.

"ఎలా నడుస్తుందో పెద్దాయన అడుగుతున్నారు," అన్నాడు కెలేపి వైసలేతో.

వైసలే వెనక్కి తిరిగి తరైవినికి చెప్పాడు. ఆమె గుసగుసగా మొగుడికి చెప్పింది, వైసలే కెలేపికి చెప్పాడు, కెలేపి పెద్దాయన వైపు తిరిగి "బొత్తాం నొక్కాలట" అని విన్నవించాడు.

"అదేగా నొక్కుతున్నాను! నడవట్లేదని చెప్పు."

"నడవట్లేదని పెద్దాయన అంటున్నారు."

మళ్ళీ మాట కిందికి దిగింది, మళ్ళీ పైకి ఎక్కింది. పెద్దాయన టకటకా నొక్కుతూనే ఉన్నాడు. అవ్వ స్తంభంతో "దీనికన్నా మా తాత పుల్లే నయం" అంది. తరైవిని కళ్ళు ఆ బొత్తాం మీదే ఉన్నాయి. వేలు ఎక్కడ తప్పుతోందో ఆమెకి అక్కడినుంచే తెలుస్తోంది. ఇన్ని తలలకి పెట్టిన చేయి ఒళ్ళో ఊరుకోలేక మెలికలు తిరుగుతోంది.

"అలా టకటకా కాదు మామయ్యా! నొక్కి పట్టుకోవాలి!"

అనేశాక గానీ అన్నది తనేనని ఆమెకి తెలియలేదు. వైసలే తల మెల్లిగా వెనక్కి తిరిగింది. కెలేపి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది, అందులో అందించడానికి మాటేమీ లేదు.

రాతు ఇసిమెలి ఆ చివరి నుంచి ఈ చివరికి చూశాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆమె మొహంలోకి చూడడం అదే మొదటిసారి.

"ఎంతసేపు పట్టుకోవాలి?" అని అడిగాడు, ఆమెనే.

"గుర్రుమనేదాకా మామయ్యా."

ఆయన పట్టుకున్నాడు. పీత గుర్రుమంది. దాన్ని ఇంకా నెత్తికి ఎత్తనే లేదు, దాని చప్పుడికే ఆయన భుజాలు ఊగడం మొదలైంది. "పెట్టుకోండి, పెట్టుకోండి" అని ఇల్లంతా అరుస్తోంది. "వేగం తగ్గించండి ముందు, ఆ పక్క బొత్తాం!" అని తరైవిని అందరికన్నా గట్టిగా అరుస్తోంది.